రాత్రి డ్యూటీలో ఇల్దా

బొమ్మనహళ్ళిలో టైల్స్ షాపు పైన మూడో అంతస్తు.
లిఫ్టు లేదు. చెప్పులు బయటే.
రాత్రి ఒంటిగంటకి నేను ఇల్దానవుతాను.

ఇల్దాకి అరవై రెండేళ్ళు.
ఏదో చలిదేశంలో, రేవు పక్క సందులో ఉంటుంది.
మొగుడు పోయాడు, పిల్లి ఉంది.
ఇవన్నీ కాగితం మీద రాసిచ్చారు.
మోకాళ్ళ నొప్పి మాత్రం నేను కలిపాను,
పలమనేరులో మా పెద్దత్త దగ్గర అరువు తెచ్చి.

సముద్రమంటే నాకు తెలిసిందల్లా
ఏడో తరగతిలో తూపిలిపాలెం,
ఇసుక పడిన పులిహోర.
అయినా రోజూ చేపల ధర గురించి బాధపడతాను.

ఎవరికి ఓటెయ్యాలో చెప్పకూడదు.
ప్రీతమ్ సార్ మొదటిరోజే అన్నాడు:
"చెబితే ఎదురు తిరుగుతారు. నిట్టూర్చండి, చాలు."
నిట్టూరుస్తాను.
ఆ మనిషి మన రేవుకి ఒక్కసారైనా వచ్చాడా?
ఎవరొస్తే ఏముందిలెండి.
నేనైతే ఈసారి గడప దాటను.
రోజుకి నూట ఇరవై నిట్టూర్పులు. షీటులో లెక్క ఉంటుంది.
పది నిట్టూర్పులకొక అక్షరదోషం పెట్టాలి,
మనుషుల్లా కనబడటానికి.

డబ్బెవరిదని సిజో అడిగాడు ఒకసారి.
అక్కడ ఎవరు ఓడితే ఇక్కడ మనకు జీతాలొస్తాయని.
"క్లయింటు" అన్నారు.
దేవుణ్ణి పిలిచినట్టు, ఏకవచనంలో.

పక్క సీట్లో నాగవేణి.
ఆమె ఒక రిటైరైన నర్సు, ఇద్దరు కుర్రాళ్ళు, ఒక లారీ డ్రైవరు.
ఒక్కోరాత్రి ఆ నర్సూ నా ఇల్దా జుట్లు పట్టుకుంటారు.
అక్కడి జనం అటు కొందరు, ఇటు కొందరు చేరి
అన్నదమ్ములు కూడా తిట్టుకుంటారు.
మేమిద్దరం ఒకే డబ్బాలో చిత్రాన్నం తింటుంటాం.
పచ్చిమిరపకాయలు ఆమె నాకు వదిలేస్తుంది.

మంగళవారం, మూడున్నరకి, ఒకామె రాసింది.
నిజం మనిషి.
మేం పెట్టే తప్పులు వేరు, చేతులు వణికి పడే తప్పులు వేరు.
మిషను దాన్ని ఇంగ్లీషు చేసింది,
నా చెవిలోకొచ్చేసరికి అది పెద్దత్త గొంతయింది:

"ఇల్దా, నాకూ మోకాళ్ళే.
ఓటుకి మెట్లు దిగాలంటే మనవడు చెయ్యి పట్టుకోవాలి.
నువ్వన్నాక ఆలోచించాను. నిజమే, ఎందుకు పోవడం.
పని మానుకోవద్దని వాడికి చెప్పేశాను.
అన్నట్టు, నువ్వు మోకాళ్ళకి ఏం రాస్తావు?"

పెద్దత్త రాసేది వావిలాకు.
ఆ మంచులో వావిలి మొలుస్తుందా?
వెతికాను. నాలుగు నిమిషాలు పోయాయి షీటులో.
ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, కాపడం పెట్టమని రాశాను.
దానికింద ఇంకో ముక్క రాశాను:
"పోమ్మా. మనవడి భుజమ్మీద చెయ్యేసైనా పో."

మీటకి ఒక వేలి దూరం.
పదో తారీకు పీజీ అద్దె.
రెండో ముక్క కొట్టేశాను.
ఉప్పు మూట మాత్రం సముద్రాలు దాటి వెళ్ళింది.

పొద్దున తొమ్మిదింటి బస్సులో, నిలబడి,
కళ్ళు మండుతుంటే పెద్దత్త ఫోను.
ఆవు ఈనిందని, కరెంటు లేదని,
మన పంచాయితీ ఎలక్షను ఆదివారమని.

"ఫోన్లో ఒకామె ఉండాది అమ్మీ, రత్నాబాయంట.
పాపం ఆమెకీ మోకాళ్ళంట.
ఎవరొచ్చినా ఇంతే, నేను పోనంటా రాస్తా ఉండాది.
నిజమే అనిపిస్తా ఉండాది నాకూ."

"యా ఊరంట?"

"మదనపల్లి పక్కనంట. ఊరి పేరు మాత్రం చెప్పదు."

చుట్టూ హారన్లు. ఎవరిదో టిఫిను బాక్సు నా వీపుకి గుచ్చుకుంటోంది.

"పెద్దత్తా, ఆమె రాసేదాంట్లో తప్పులుంటాయా?"

"ఉంటాయి కదమ్మీ, మనమాదిరే.
లెక్కపెట్టినట్టు, అక్కడక్కడా ఒకటి."

సిల్కు బోర్డు దగ్గర బస్సు ఆగింది.
చాలాసేపు ఆగింది.